బడి తెరవడానికి పది రోజుల ముందు: ఇంటిల్లిపాదికీ ఆరోగ్యపు అలవాట్లు

కిందటేడు బడి తెరిచిన రోజు పొద్దున్న మా పాప వాష్‌బేసిన్ దగ్గర నోట్లో బ్రష్ పెట్టుకుని నిలబడే నిద్రపోయింది. పేస్టు నురగ గడ్డం మీదుగా గౌను మీదికి కారుతోంది. వంటింట్లో పెనం మీద పెసరట్టు మాడుతోంది. కింద వీధిలో ఆటో హారన్. మా పెద్దాడు ఒక కాలికే సాక్సు వేసుకుని రెండోదాని కోసం మంచం కింద దూరాడు. ఇద్దరూ ఏమీ తినకుండానే వెళ్లిపోయారు. పదిన్నరకల్లా బడి నుంచి ఫోన్ వచ్చింది. పాపకి కళ్లు తిరిగాయట, వచ్చి తీసుకెళ్లమన్నారు.

ఎక్కడ తప్పు జరిగిందా అని ఆ రోజంతా ఆలోచించాను. లేపడం ఆలస్యం కాలేదు, ఆరింటికే లేపాను. తప్పు అంతకుముందు రాత్రే జరిగిపోయింది. ఆఖరి సెలవు రోజు కదా అని పదకొండున్నర దాకా ఇంట్లో టీవీ మోగింది. మా ఆయన షాపు మూసి వచ్చేసరికి పది. ఆ తర్వాతే అందరికీ అన్నాలు. మేం పెద్దవాళ్లం అలా ఉంటూ, ఆరేళ్ల పిల్లని ఒక్క పూటలో మారిపొమ్మంటే ఎలా మారుతుంది?

అప్పటి నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. విజయవాడ పటమటలో మేం చేసింది, గుంటూరు బ్రాడీపేటలో మా అక్క చేసింది, పిల్లల డాక్టర్ దగ్గర అడిగి తెలుసుకున్నది అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన రాష్ట్రంలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. కాబట్టి జూన్ 1 లేదా 2 నుంచి మొదలుపెట్టండి.

మొదటి పని: నిద్ర వేళలు ముందుకి జరపడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక దీనికే కావాలి. ఇది కుదిరితే మిగిలినవి సగం వాటంతట అవే కుదురుతాయి.

ముందు లెక్క వేసుకోండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 దాటినవాళ్లకి 8 నుంచి 10 గంటలు. ఎల్‌కేజీ, యూకేజీ వయసు వాళ్లకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు. మీ ఇంటి ముందుకి ఆటో ఎన్నింటికి వస్తుందో అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మాకు ఏడూ నలభై అయిదుకి వస్తుంది. అంటే ఆరుంబావుకి లేవాలి. పాపకి కనీసం తొమ్మిది గంటల నిద్ర పట్టాలంటే రాత్రి తొమ్మిదికల్లా లైటు ఆగాలి.

సెలవుల్లో పన్నెండింటికి పడుకుని తొమ్మిదింటికి లేచే పిల్లని తొమ్మిదికే పడుకోబెడితే ఏమవుతుంది? గంటన్నర సేపు దొర్లుతుంది, నీళ్లు అడుగుతుంది, కథ అడుగుతుంది, చివరికి మనకి కోపం వస్తుంది. అందుకే పడుకునే వేళని కాకుండా లేచే వేళని ముందు మార్చండి. రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు ముందుగా లేపండి. ఈ రోజు ఎనిమిదీ నలభై అయితే రేపు ఎనిమిదీ ఇరవై. లేవగానే డాబా మీదికో బాల్కనీలోకో తీసుకెళ్లండి. పొద్దుటి వెలుగు కళ్లలో పడితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుంది. పొద్దున్న ముందు లేచినవాళ్లకి రాత్రి నిద్ర తనంతట తానే ముందుకొస్తుంది. పది రోజుల్లో రెండు మూడు గంటల తేడా ఇలా నెమ్మదిగా కరుగుతుంది. ఈ పది రోజులూ మధ్యాహ్నం నిద్ర చిన్నవాళ్లకి అరగంట మించనివ్వకండి, పెద్ద పిల్లలకి అసలే వద్దు.

మన ఊళ్లలో దీనికో అడ్డంకి ఉంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, బెజవాడలో మృగశిర వచ్చినా శ్లాబు చల్లబడదు. పగలంతా కాగిన కప్పు రాత్రి పదకొండింటి దాకా సెగ కక్కుతుంది. ఏసీ లేని ఇళ్లలో పిల్లలు నిద్రపోకపోవడానికి సగం కారణం అదే. సాయంత్రం ఆరింటికి డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు చల్లండి. పడమటి కిటికీలకి మధ్యాహ్నం తడి గుడ్డ కట్టండి. ఎనిమిదిన్నరకి పిల్లలకి ఇంకోసారి చన్నీళ్ల స్నానం చేయించండి. డాబా మీద పక్క వేసే వీలుంటే మరీ మంచిది, కాకపోతే దోమతెర తప్పనిసరి, పిట్టగోడ ఎత్తుగా ఉండాలి.

ఇక పెద్దవాళ్ల సంగతి. షాపులు, డ్యూటీలు ఉన్న ఇళ్లలో నాన్న వచ్చాకే అందరూ కలిసి తినాలని పిల్లల్ని ఆపుతుంటారు. మేమూ అలాగే చేశాం. ఇప్పుడు పిల్లలకి ఏడున్నరకే అన్నం పెట్టేస్తున్నాం. వాళ్ల నాన్నతో కబుర్లు పొద్దున్న టిఫిన్ దగ్గర. ఎనిమిదిన్నరకి టీవీ ఆగుతుంది, అత్తయ్య సీరియల్‌తో సహా. ఆవిడని ఒప్పించడానికి నేనేం తిప్పలు పడలేదు. కిందటేడు పాపని బడి నుంచి తెచ్చినప్పుడు దాని మొహం చూసింది ఆవిడే. "నా సీరియల్ రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తుందమ్మా, దీని నిద్ర మళ్లీ రాదుగా" అని తనే రిమోట్ పక్కన పెట్టింది. ఫోన్లన్నీ తొమ్మిదికి ఫ్రిజ్ మీదికి వెళ్తాయి, నాదీ మా ఆయనదీ కూడా. పిల్లల ఫోన్ లాక్కుని మనం పక్కనే వీడియోలు చూస్తుంటే ఏ పిల్లాడూ నిద్రపోడు.

పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్ల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ వయసులో ఒంటి తీరే రాత్రి ఆలస్యంగా నిద్ర వచ్చేలా మారుతుంది. అది బద్ధకం కాదు. వాళ్లని తిట్టి లాభం లేదు. పడుకునే ముందు గంట ఫోన్ తీసేసి, పుస్తకాలు సర్దే పని ముందే ముగించి, పదికల్లా పక్క మీద ఉండేలా చూస్తే చాలు. ఆదివారం నాడు కూడా మామూలు రోజు కంటే గంటకి మించి ఆలస్యంగా లేవనివ్వకండి. లేకపోతే సోమవారం మళ్లీ మొదటికి వస్తుంది.

రెండో పని: ఒక రోజు ఆరోగ్య పరీక్షలకి

జూన్ మొదటి వారంలోనే ఒక పూట దీనికి కేటాయించండి. బడులు తెరిచాక ఆసుపత్రుల్లో రద్దీ పెరుగుతుంది, మనకీ తీరదు.

టీకాల కార్డు బయటికి తీయండి. 5–6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టర్ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా), పదేళ్లకీ పదహారేళ్లకీ టీడీ టీకా (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా) వేయించాలి. చంటిపిల్లల టీకాలు గుర్తున్నట్టు ఇవి ఎవరికీ గుర్తుండవు. సచివాలయం ఏఎన్ఎంని అడిగితే ఎప్పుడు, ఎక్కడ వేస్తారో చెబుతారు, ఉచితం.

కళ్లు చూపించండి. టీవీకి దగ్గరగా జరుగుతున్నా, దూరపు బోర్డులు చదివేటప్పుడు కళ్లు చికిలిస్తున్నా ఆగకండి. బోర్డు మీది అక్షరాలు కనపడక వెనకబడ్డ పిల్లని చదువు రాదని అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పళ్లు కూడా చూపించండి. రాత్రి బ్రష్ చేయడం ఈ పది రోజుల్లోనే అలవాటు చేయండి.

రక్తహీనత మన పిల్లల్లో చాలా ఎక్కువ, ముఖ్యంగా ఆడపిల్లల్లో. కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే, ఆటలో తొందరగా ఆయాసం వస్తుంటే, మట్టి, బలపం, పచ్చి బియ్యం తింటుంటే రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 5–11 ఏళ్ల వాళ్లకి 11.5, 12–14 ఏళ్ల వాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు, చిన్నవాళ్లకి గులాబీ రంగుది, పదేళ్లు దాటినవాళ్లకి నీలం రంగుది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం ఉండదు. మాత్రకి ముందూ వెనకా టీ తాగకూడదు. ఇంట్లో తోటకూర, గోంగూర, పప్పు పెట్టినప్పుడు పైన కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతంలో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. ఆ రోజు బడి మాన్పించకండి.

తలలో పేలు కూడా ఒకసారి చూసేయండి. మొదటి వారంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది అవే.

మూడో పని: పొద్దుటి వరస

లేవడం, గ్లాసుడు నీళ్లు, మొహం కడుక్కోవడం, స్నానం, టిఫిన్, తర్వాత పది నిమిషాలు బాత్రూమ్. ఆ ఆఖరిదే చాలా ఇళ్లలో తప్పిపోతుంది. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది, విరేచనానికి అదే సరైన సమయం. టిఫిన్ గబగబా తినిపించి ఆటో ఎక్కించేస్తే ఆ కదలిక మొదటి పీరియడ్‌లో వస్తుంది. పిల్లలు బిగపట్టుకుంటారు. నాలుగు రోజులు బిగపడితే గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది, నొప్పికి భయపడి ఇంకా బిగపడతారు. "బడికి వెళ్లే వేళకి కడుపునొప్పి అంటోంది, ఎగ్గొట్టడానికే" అని అనుకునే ముందు ఇది చూడండి. మా పాప విషయంలో మందు ఏమీ అక్కర్లేకపోయింది. పావుగంట ముందు లేపి, టిఫిన్ తర్వాత హడావిడి లేకుండా కూర్చోబెట్టాం. కాళ్ల కింద చిన్న స్టూలు వేశాం. రెండు వారాల్లో కడుపునొప్పి మాట మర్చిపోయింది.

టిఫిన్ ఏదైనా పర్లేదు, అందులో పప్పో గుడ్డో ఉండాలి. ఉత్త పాలు, బిస్కెట్లతో పంపితే పదిన్నరకి నీరసం. పెసరట్టు మనకి దేవుడిచ్చిన టిఫిన్. పెసలు రాత్రే నానేస్తే పొద్దున్న పావుగంట పని. ఇడ్లీ అయితే పక్కన గుడ్డు లేదా చిక్కటి సాంబారు. రాగిజావ మజ్జిగతో కలిపి ఇస్తే ఎండాకాలంలో చల్లదనం, ఎముకలకి కాల్షియం. చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ, పక్కన వేరుశెనగపప్పు ఉంటే అది కూడా పూర్తి టిఫినే. చద్దన్నం పెట్టామని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాలుగో పని: క్యారేజీ

జూన్‌లో క్యారేజీ సర్దడం వేరు, డిసెంబరులో సర్దడం వేరు. ఎనిమిదింటికి మూతపెట్టిన డబ్బా పన్నెండున్నర దాకా వేడిగా ఉన్న గదిలో ఉంటుంది. అందుకని కొన్ని జాగ్రత్తలు.

అన్నం ఉడికిన వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగించకండి. పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక సర్దండి. ఆవిరి మూతకి పట్టి, చుక్కలుగా అన్నం మీద పడితే, అక్కడి నుంచే పాడవడం మొదలవుతుంది. కొబ్బరి చట్నీ ఎండలు తగ్గేదాకా వద్దు, అన్నిటికంటే ముందు అదే పులుస్తుంది. దాని బదులు కందిపొడి, కరివేపాకు పొడి, నేతితో. పులిహోర ఈ రోజుల్లో చాలా నమ్మకమైన వంట, చింతపండు పులుపు దాన్ని కాపాడుతుంది. పెరుగన్నం పంపాలంటే అన్నంలో కాచి గోరువెచ్చగా చేసిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. రాత్రి మిగిలిన కూర మాత్రం డబ్బాలో పెట్టకండి.

వారంలో మూడు రోజులైనా పప్పు, రెండు రోజులు గుడ్డు, ప్రతిరోజూ ఏదో ఒక కూరగాయ. పొడవుగా తరిగిన దొండకాయ వేపుడు కంటే పప్పులో కలిసిపోయిన బీరకాయని పిల్లలు త్వరగా తింటారు. రైతుబజారుకి వెళ్లేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి, ఒక కూర వాళ్లనే ఎంచుకోమనండి. తాను ఏరిన బెండకాయల్ని మా పాప డబ్బాలో మిగల్చదు. గుంటూరు అక్కావాళ్లింట్లో కారం ఎక్కువ. పిల్లల కూరని తాలింపు తర్వాత వేరే గిన్నెలోకి తీసి, మిగతా దాంట్లో పెద్దలకి కారం వేస్తుంది. మంచి పద్ధతి. కారం మండితే పిల్లలు కూర వదిలేసి ఉత్త అన్నం తింటారు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ చెప్పగా నేను వినలేదు. బడి తెరవడానికి ముందే ఇంట్లో రెండు మూడు మధ్యాహ్నాలు క్యారేజీలోనే అన్నం పెట్టండి. కింద కూర్చుని, తనే మూత తీసుకుని, తనే కలుపుకుని, ఇరవై నిమిషాల్లో తినాలి. మీరు పక్కన కూర్చుని చూడండి, సాయం చేయకండి. మా పాప డబ్బా కిందటేడు నాలుగు రోజులు అలాగే తిరిగొచ్చింది. కూర నచ్చలేదేమో అనుకుని రోజుకో కూర మార్చాను. ఇంట్లో కూర్చోబెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. క్లిప్పుల డబ్బా రబ్బరు బిగుతుగా ఉండి దాని వేళ్లకి మూతే రావడం లేదు. బొటనవేలు ఎర్రబడేదాకా లాగి, వదిలేసి, నా వైపు చూసింది. టీచర్ని అడగడానికి మొహమాటం. మామూలు స్టీలు డబ్బా కొన్నాం, మర్నాటి నుంచి ఖాళీగా తిరిగొచ్చింది.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, రాగిజావ, చిక్కీ కూడా ఉంటాయి. అక్కడ తిననివ్వండి. తినే ముందు సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడం ఇంటి దగ్గరే నేర్పండి.

సాయంత్రం నాలుగున్నరకి ఆకలి మండుతూ వస్తారు. ఆ పది నిమిషాల్లో చేతికి ఏది అందితే అదే తింటారు. బండి మీది నూడుల్స్, చిప్స్ అందకముందే ఉడికించిన శెనగలో, వేరుశెనగ ఉండో, అరటిపండో బల్ల మీద ఉండాలి. జూన్ మొదట్లో తాటిముంజలు ఇంకా దొరుకుతాయి, ఆ వెంటనే నేరేడు పళ్లు వస్తాయి.

అయిదో పని: నీళ్లు, బాత్రూమ్

మా పాప వాటర్ బాటిల్ రోజూ నిండుగా తిరిగొచ్చేది. ఎండాకాలం, బయట మాడిపోతోంది, ఈ పిల్ల నీళ్లు ఎందుకు తాగదు? మర్చిపోతోందేమో అనుకున్నాను. బతిమాలాను, కోప్పడ్డాను, బొమ్మల బాటిల్ కొన్నాను. మూడో వారంలో ఒంటికి పోసుకునేటప్పుడు మంట అని ఏడ్చింది. డాక్టర్ పరీక్ష చేయించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఇంటికొచ్చి రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని మెల్లగా అడిగితే చెవిలో చెప్పింది: "అక్కడ తలుపుకి గడియ పడదమ్మా. ఎవరైనా తోసేస్తారు. అందుకే తాగను."

ఆరేళ్ల పిల్ల తనకి తానే కనిపెట్టుకున్న ఉపాయం అది. తాగకపోతే వెళ్లక్కర్లేదు. ఎంతమంది ఆడపిల్లలు ఇలా ఉన్నారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అదే క్లాసు తల్లులు ముగ్గురితో మాట్లాడితే ఇద్దరి ఇళ్లలో ఇదే కథ. నలుగురం కలిసి వెళ్లి క్లాస్ టీచర్‌కి చెప్పాం, గొడవ పడలేదు. గడియ, మగ్గు, చెత్తబుట్ట, ఈ మూడే అడిగాం. వారంలో గడియ వచ్చింది.

అందుకని బడి తెరిచిన మొదటి వారంలోనే ఈ ప్రశ్నలు అడగండి. బాత్రూమ్ ఎక్కడుంది? నీళ్లు వస్తాయా? గడియ పడుతుందా? అడిగితే టీచర్ పంపిస్తారా? పిల్ల చెప్పలేకపోతే పేరెంట్స్ మీటింగ్ రోజు మీరే వెళ్లి చూసి రండి. ఇంటర్వెల్‌కి అవసరం అనిపించకపోయినా వెళ్లి రావాలని నేర్పండి. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం నేర్పండి. మంట, మాటిమాటికీ వెళ్లడం, కారణం తెలియని జ్వరం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కి చూపించాలి.

నీళ్లు ఎంత తాగాలి అన్నదానికి లీటర్ల లెక్క కంటే మూత్రం రంగు మంచి గుర్తు. లేత పసుపు అయితే చాలు. ముదురు పసుపు అయితే తక్కువ తాగినట్టు. ఈ మాట పిల్లలకే చెబితే వాళ్లే చూసుకుంటారు. కొన్ని బడుల్లో నీళ్లు తాగడానికి వాటర్ బెల్ కొడుతున్నారు, మీ బడిలో లేకపోతే అడగండి. జూన్‌లో బాటిల్‌తో పాటు చిన్న సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పంపవచ్చు, పదిన్నర ఇంటర్వెల్‌కి తాగేయాలి.

బాటిల్ రోజూ బ్రష్‌తో కడగండి, మూతలోని రబ్బరు వాషర్ వారానికోసారి ఊడదీసి చూడండి. నల్లటి జిగురు అక్కడే పేరుకుంటుంది. తొలకరి వానలు పడగానే కుళాయి నీళ్ల రంగు, వాసన గమనించండి. తేడా ఉంటే నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టిన బిందెలో పోయండి. విరేచనాలు మొదలైతే లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్‌ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలపడం ప్రమాదం. కలిపింది 24 గంటల్లో వాడేయాలి.

పదీ పదకొండేళ్లు వచ్చిన ఆడపిల్ల బ్యాగులో చిన్న గుడ్డ సంచి పెట్టండి. రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, ఒక కాగితపు కవరు. మొదటిసారి బడిలోనే అయితే ఏం చేయాలో, ఏ టీచర్‌కి చెప్పాలో ముందే చెప్పండి. మా పెద్దాడికి కూడా చెప్పాను, చెల్లెలికో క్లాసులో అమ్మాయికో అవసరమైతే వెకిలిగా నవ్వకుండా సాయపడాలని.

ఆరో పని: శుక్రవారం నీళ్లు పారబోయడం

మృగశిర చినుకులు పడ్డాక దోమ మొదలవుతుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, పొద్దున్న పిల్లలు ఆటో కోసం నిలబడే వేళకి, సాయంత్రం ఆడుకునే వేళకి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ అవడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి నిల్వ నీళ్లు పారబోస్తే అది పుట్టదు. ఫ్రైడే డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది ఇదే. మా ఇంట్లో ఈ పని పిల్లలది. ఎయిర్ కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక పళ్లెం, మొక్కల కుండీల కింద ప్లేట్లు, డాబా మీద పాత టైరు, కొబ్బరి చిప్పలు. తోక ఆడించే పురుగుల్ని టార్చిలైటు వేసి వెతకడం మా వాడికి ఆటలాగే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాక, నిల్వ నీళ్లంటే ఏమిటో బెజవాడలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

జ్వరం వస్తే బడికి పంపకండి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే పంపండి. డెంగీ కాలంలో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేయకండి, రక్తస్రావం పెరగవచ్చు. జ్వరం తగ్గింది కదా అని ఊరట పడే రోజే డెంగీలో జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడో పని: బ్యాగు

బాత్రూమ్ స్కేలు మీద పిల్లని ఒకసారి బ్యాగు లేకుండా, ఒకసారి బ్యాగుతో నిలబెట్టండి. తేడా పిల్ల బరువులో పదో వంతు మించకూడదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెప్పేది ఇదే. ఇరవై కిలోల పిల్లకి రెండు కిలోలు. రోజూ రాత్రి టైంటేబుల్ చూసి సర్దితే సగం బరువు తగ్గుతుంది. రెండు భుజాలకీ వేసుకోవాలి. ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తున్నారో ఒక రోజు వెళ్లి చూడండి.

ఎనిమిదో పని: సాయంత్రం ముందు ఆట, తర్వాత హోంవర్క్

రోజుకి గంటసేపు చెమట పట్టేలా ఆడాలి. అయిదింటి నుంచి ఆరింటి దాకా ఆ గంటని ట్యూషన్‌కి కూడా ఇవ్వకండి. బయటి వెలుగులో గడిపే పిల్లలకి హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనపడడం) వచ్చే అవకాశం తక్కువ. గ్రౌండ్ దూరమైతే అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కనో, సందులోనో, తాడాట, కబడ్డీ, ఏదైనా సరే.

బడి వాళ్లు హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాంతో ఫోన్ పిల్లల చేతికి వస్తుంది, ఇక తిరిగి రాదు. మీరే చూసి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అయిదు నిమిషాల పనికి రెండు గంటలు మిగులుతాయి.

తొమ్మిదో పని: మాట్లాడించడం

ఇంటికి రాగానే "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడిగితే "ఏమీ లేదు" అంటారు. "ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి, కబుర్లు వాటంతట అవే వస్తాయి. ఎవరి పక్కనా కూర్చోలేదు అన్న జవాబు వరసగా నాలుగు రోజులు వస్తే టీచర్‌తో మాట్లాడాలి. చిన్నవాళ్లు మొదటి రెండు వారాలు ఏడవడం మామూలే. గేటు దగ్గర ముద్దు పెట్టి, ఎన్నింటికి వస్తారో చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేయండి. చెప్పకుండా జారుకోవద్దు, నమ్మకం పోతుంది.

టెన్త్, ఇంటర్ పిల్లలున్న ఇళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. మన రెండు ఊళ్లూ చదువులకి పేరుపడ్డ ఊళ్లు. ఆ ఒత్తిడి ఎంతో మనకి తెలుసు. నిద్ర, తిండి ఒక్కసారిగా మారినా, స్నేహితుల్ని వదిలేసినా, బతికి ఏం లాభం లాంటి మాటలు దొర్లినా మార్కుల మాట పక్కన పెట్టి పక్కన కూర్చోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తున్నారనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

జూన్ 11 సాయంత్రం

అయిదింటికి ఆట. ఆరున్నరకి స్నానం. యూనిఫామ్, బెల్టు, ఐడీ కార్డు ఒకే హ్యాంగర్‌కి తగిలించండి, రెండు సాక్సులూ బూట్లలోనే పెట్టేయండి. బ్యాగు సర్ది తలుపు పక్కన. బాటిల్ కడిగి బోర్లించి, పెసలు నానబోసి. ఏడున్నరకి అన్నం. ఎనిమిదిన్నరకి టీవీ ఆగాలి, అప్పుడు బ్రష్. పది రోజులుగా ముందే లేస్తున్న పిల్ల ఈపాటికి ఆవలిస్తూ ఉంటుంది. రేపు ఎవరి పక్కన కూర్చుంటానో అని పక్కలో అడిగితే జవాబు చెప్పండి, కథ అడిగితే చిన్నదే చెప్పండి. తొమ్మిదికి లైటు తీసేసి, మీ ఫోన్ కూడా ఫ్రిజ్ మీద పెట్టి, మీరూ పడుకోండి.